లోగోకి గృహప్రవేశం

సోమవారం పొద్దుటికి జోగేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం, పూజ, నాలుగు ఇడ్లీలు. తర్వాత ద్రాక్షారామం వెళ్ళి భీమేశ్వరస్వామి గడప దగ్గర ఒక అంచనాల ఫైలు పెట్టి దణ్ణం పెట్టుకోవడం, అదే ఫైలు తీసుకెళ్ళి ఆ ఊళ్ళోనే ఉంటున్న సీతారామలక్ష్మి గారి చేతిలో పెట్టడం. భోజనం వేళకి రామచంద్రపురం తిరిగొచ్చేయడం.

అతను ఇళ్ళు కట్టే మనిషి. అపార్టుమెంట్ల జోలికి పోడు. ఎవరి ఇల్లు వాళ్ళు ఊహించుకున్నది ఊహించుకున్నట్టు కట్టించి ఇస్తాడు. ఒకాయన ఉయ్యాలలో కూర్చుంటే కాలవ కనిపించాలన్నాడు. గోడ రెండుసార్లు పడగొట్టి కనిపించేట్టు చేశాడు. ఒకావిడ తన గదికీ కోడలి గదికీ మధ్య మాట్లాడుకుంటే వినపడనంత దూరం, పిలిస్తే పలికేంత దగ్గర ఉండాలంది, అదీ కుదిర్చాడు. ఇరవై ఆరేళ్ళలో అరవై రెండు ఇళ్ళు. పూర్తయినవాటి గృహప్రవేశాలన్నింటికీ భార్య కన్యకతో కలిసి వెళ్ళి, పీటల మీద కూర్చున్న వాళ్ళ చేత బట్టలు పెట్టించుకుని, భోజనం చేసి, సాయంత్రానికి తన అద్దె పోర్షనుకి తిరిగొచ్చాడు.

సొంత ఇల్లు లేకపోవడానికి కారణం పెద్దగా ఏమీ లేదు. స్థలం ఉంది. కాలవగట్టు పక్కన పద్నాలుగేళ్ళ క్రితమే కొన్నాడు. అందులో ఇసుక, కంకర, ఇనప చువ్వలు, సెంట్రింగు కర్రలు ఉంటాయి. కన్యక అడిగినప్పుడల్లా, "చూద్దాం, ఈ చేతిలో ఉన్న ఇల్లు అయిపోనీ," అంటాడు. ఆ ఇల్లు అయ్యేలోపు ఇంకొకటి చేతిలోకి వస్తుంది.

ఈ మధ్య అలా రావడం తగ్గింది. పోయిన ఏడాది రావలసిన రెండు ఇళ్ళు వేరే ఊళ్ళ నుంచి వచ్చిన కంపెనీలు తన్నుకుపోయాయి. చేతిలో ఉన్న ఆఖరి ఇల్లు రంగుల దాకా వచ్చింది. పదిహేనేళ్ళుగా తననే నమ్ముకున్న మేస్త్రీలకి వచ్చే నెల పని లేదు. అందుకే సీతారామలక్ష్మి గారు కట్టించబోయే ఇల్లు అతనికి కావలసి వచ్చింది. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. చుట్టుపక్కల మూడు మండలాల్లో సగం మంది ఆడవాళ్ళు ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. ఆవిడ ఎవరి చేత కట్టిస్తే ఆ సగం మందీ వాళ్ళ చేతే కట్టిస్తారు. ఆవిడ ఎవర్ని వద్దన్నా ఆ సగం మందికీ తెలుస్తుంది.

ఆవిడ ఫైలు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివారు. రెండు చోట్ల పెన్సిలుతో సున్నాలు చుట్టారు. తర్వాత కార్డు అడిగారు. జోగేశ్వరరావు జేబులోంచి తీసి ఇచ్చాడు. అది అతను సిమెంటు కొట్టు నడిపిన రోజుల్లో వేయించిన కార్డు. సిమెంటు అన్న మాట కొట్టేసి పైన 'ఇళ్ళు' అని పెన్నుతో రాసి ఉంది. ఫోన్ నెంబరు కూడా అంతే. సీతారామలక్ష్మి గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీదున్న మరో రెండు కార్డుల పక్కన పెట్టారు. ఆ రెండూ మందంగా, నల్లగా, బంగారు అక్షరాలతో ఉన్నాయి.

"మిగతా ఇద్దరి ఆఫీసులూ చూశాను. వచ్చే వారం శుక్రవారం పదింటికి మీ ఆఫీసుకి వస్తాను. ఆ తర్వాత చెబుతాను," అన్నారావిడ.

డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న కూతురు హర్షిత ఈ సంగతంతా విని, లోపం ఎక్కడుందో వెంటనే తేల్చేసింది.

"మనకి బ్రాండ్ లేదు నాన్నా."

"మనకి పేరుంది కదమ్మా."

"పేరు తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. బ్రాండ్ తెలియనివాళ్ళకి కూడా తెలుస్తుంది."

జోగేశ్వరరావుకి ఈ మాట సబబుగానే తోచింది. దేవుణ్ణి కూడా గోపురం చూసి గుర్తుపట్టేవాళ్ళే ఎక్కువ. మర్నాడే రాజమండ్రి నుంచి నిరంజన్ అనే డిజైనరుని రప్పించారు. ముప్పై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తుడు, ల్యాప్‌టాప్‌ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. కాఫీ తాగి, జోగేశ్వరరావు ఎప్పుడూ వినని ప్రశ్నలు మొదలుపెట్టాడు. మీ సంస్థ ఒక మనిషైతే ఎలాంటి మనిషి అని అడిగాడు. నాలాంటి మనిషేనండి అన్నాడు జోగేశ్వరరావు. మీ సంస్థని చూడగానే జనానికి ఏం అనిపించాలి అని అడిగాడు. ఇల్లు కడతారని అనిపించాలండి అన్నాడు. నిరంజన్ అన్నీ రాసుకున్నాడు. వెళ్ళేటప్పుడు, ఇంత స్పష్టంగా చెప్పిన క్లయింటుని తాను చూడలేదన్నాడు. ఆ మాట అతను తర్వాత చాలాసార్లు తల్చుకుని ఉంటాడు.

గురువారానికి లోగో వచ్చింది. ఒకే ఒక్క గీత. కప్పు దగ్గర మొదలై, గోడలు తిరిగి, కిందికొచ్చి, సగం తెరిచిన తలుపై ఆగిపోతుంది. కుడిచేతి వైపు పైమూలన ఎదుగుదలకి గుర్తుగా చిన్నవి మూడు గీతలు. కింద 'జోగేశ్వరా హోమ్స్. మీ ఇల్లు, మీ ఇష్టం' అని ఉంది. హర్షితకి తెగ నచ్చింది. జోగేశ్వరరావుకి కూడా నచ్చింది. కన్యక చాలాసేపు చూసి, "తలుపు తీసే ఉంచారు, బాగుంది," అంది.

అక్కడితో ఆగిపోతే సరిపోయేది. కానీ జోగేశ్వరరావుకి ఒక అలవాటుంది. ఇంటి బొమ్మ ఉన్న కాయితం ఏదైనా సరే, సూర్యప్రకాశం సిద్ధాంతి గారికి చూపించకుండా అడుగు ముందుకు వేయడు. అరవై రెండు ప్లాన్లూ ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. అరవై మూడో కాయితం కూడా అదే దారిన వెళ్ళింది.

సిద్ధాంతి గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. కాయితాన్ని పీట మీద పరిచి, దాని మధ్యలో దిక్సూచి పెట్టారు.

"ఉత్తరం ఎటు?"

జోగేశ్వరరావు కిటికీ వైపు చూపించాడు.

"ఊరికి కాదయ్యా, కాయితానికి."

"వెయ్యలేదండి."

"వెయ్యకపోతే పైనున్నదే ఉత్తరం అనుకోవాలి, మీ ప్లాన్లన్నీ అంతేగా. అంటే తలుపు దక్షిణానికి పెట్టాడు. అది పోనీ అనుకుందాం. ఈశాన్యంలో మెట్లేంటి?"

జోగేశ్వరరావు అక్కణ్ణించే నిరంజన్‌కి ఫోన్ చేశాడు. అవి మెట్లు కావండి, ఎదుగుదల అని నిరంజన్ చెప్పాడు. ఎదుగుదలైనా సరే ఈశాన్యంలో బరువు పెట్టకూడదు, నైరుతికి మార్చమనండి అన్నారు సిద్ధాంతి గారు. ఇది ఇల్లు కాదండి, గుర్తు మాత్రమేనండి అని నిరంజన్ బతిమాలాడు. ఇంటి గుర్తేగా అన్నారు సిద్ధాంతి గారు. నిరంజన్ సరేనన్నాడు.

ఫోన్ పెట్టేశాక జోగేశ్వరరావు కాస్త సంకోచంగానే అడిగాడు. "సిద్ధాంతి గారూ, దేవుడు కాయితం మీద దిక్కులు కూడా చూస్తాడంటారా?"

"ఆయనెందుకు చూస్తాడు? ఆయన లేని దిక్కేది? చూసేది జనం. రేపు నీ కార్డు పుచ్చుకున్నవాడు ఇలాంటి ఇల్లే కట్టమంటే ఏం చేస్తావు? తలుపు దక్షిణానికి పెట్టి కడతావా?"

ఆ సాయంత్రం ఎదుగుదల నైరుతికి దిగింది. మూడు గీతలు ఎడమచేతి వైపు అడుగున, పైకి వెళ్ళడానికి భయపడుతున్నట్టు కూర్చున్నాయి. తలుపు తూర్పుకి రావాలి గనక నిరంజన్ బొమ్మని మొత్తంగా పక్కకి తిప్పి పంపాడు. ఇల్లు పడుకుంది. హర్షిత చూసి, తుఫానులో పడిపోయినట్టుందంది. అప్పుడు నిరంజన్ ఒక్క గీత పద్ధతి వదిలేసి, కాస్త పైనుంచి చూస్తున్నట్టుగా, నాలుగు వైపులూ తెలిసేట్టు ఇల్లంతా మళ్ళీ గీశాడు. అలా గీసేసరికి లోపల గదులు కనపడడం మొదలైంది. గదులు కనపడితే ఏ గది ఎక్కడుండాలన్న ప్రశ్న వస్తుంది. వంటిల్లు ఆగ్నేయానికి వెళ్ళింది. పడకగది నైరుతికి వెళ్ళింది. ఎదుగుదల అక్కడే ఉండటంతో మేడమెట్లుగా మారి స్థిరపడింది.

ఈ రాకపోకలన్నీ కన్యక ఫోన్ ద్వారానే జరిగాయి. జోగేశ్వరరావు అప్పుడు మేస్త్రీలకి బ్రాండు చొక్కాలు కుట్టించే హడావుడిలో ఉన్నాడు. పెద్దమేస్త్రి తనకి చొక్కా మీద పేరక్కర్లేదు, జేబు కావాలన్నాడు. ఆ తగువు తీర్చడానికే ఒక రోజు పట్టింది. అందువల్ల సిద్ధాంతి గారి సవరణలతో పాటు ఇంకొన్ని సవరణలు కూడా నిరంజన్‌కి వెళుతున్నట్టు అతను గమనించలేదు. వంటింటికి కిటికీ వచ్చింది. ముందు వసారా వచ్చింది. వసారాలో అరుగు, పెరట్లో తులసికోట, కొళాయి పక్కన బట్టలు ఉతుక్కునే బండ వచ్చాయి. నిరంజన్ ఇప్పుడు వాదించడం మానేశాడు. పదకొండో బొమ్మ పంపుతూ, బండ ఎత్తు ఎంత ఉండాలో ముందే చెబితే మంచిదండి అని మెసేజి పెట్టాడు.

లోగో మామూలు కార్డులో పట్టలేదు. కార్డుని మూడు మడతలు పెట్టారు. జేబులోంచి తీసి విప్పితే కాలవల శాఖ వాళ్ళ మ్యాపులా తెరుచుకునేది. అప్పుడు హర్షిత ఒక సందేహం లేవదీసింది: కార్డు తీసుకున్నవాళ్ళు చేతిలో తిప్పితే దిక్కులు కూడా తిరిగిపోతాయి కదా. సిద్ధాంతి గారు ఇది తేల్చడానికి ఒక రోజు గడువడిగారు. మర్నాడు సంధ్యావందనం అవగానే స్వయంగా నడిచి వచ్చి, "మూలన ఉత్తరానికి బాణం గుర్తు వేయించండి. ఆ తర్వాత తిప్పేవాడి ఖర్మ," అని చెప్పి వెళ్ళబోయి, గుమ్మం దగ్గర ఆగారు. ఇంకొక విషయం. బొమ్మలో తలుపు తెరిచి ఉంది. తలుపు తెరిచిన కొత్త ఇంటిని, పాలు పొంగించకుండా పదిమంది కళ్ళ ముందు పెట్టకూడదు. అది బొమ్మైనా సరే. శుక్రవారం ఉదయం ఎనిమిదీ నలభై రెండుకి మంచి ముహూర్తం ఉంది. ఆఫీసు మీద బోర్డు కట్టి, ముసుగు తీసి, ఆ సమయానికి పాలు పొంగిస్తే చాలు.

సీతారామలక్ష్మి గారు వచ్చేది పదింటికి. అప్పటికి అంతా పూర్తయి, పసుపు కుంకాలతో బోర్డు కళకళలాడుతూ ఉంటుంది. జోగేశ్వరరావుకి ఇది స్వామివారి ఏర్పాటే అనిపించింది. మనవాళ్ళని ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి పిలవమని కన్యకకి అప్పజెప్పి తన పనిలో పడ్డాడు.

గురువారం మధ్యాహ్నం ఇంటి ఓనరు పాపాయి గారు అతన్ని మెట్ల దగ్గర ఆపారు. డెబ్భై ఏళ్ళ మనిషి. కింద తాను ఉంటూ, పై పోర్షను ఇరవై రెండేళ్ళుగా వీళ్ళకే అద్దెకిచ్చారు. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"రేపు పాలు పొంగిస్తున్నారటగా బాబూ. కన్యక చెప్పింది. ఎన్నాళ్ళకి. చాలా సంతోషం."

"అంతా మీ ఆశీర్వాదం మామ్మగారూ."

"మరి వాళ్ళని రేపే రమ్మనొచ్చా? నలుగురు మనుషులు. మంచివాళ్ళు. బ్యాంకులో పని."

బ్యాంకువాళ్ళు కూడా వస్తే మంచిదేననుకున్నాడు జోగేశ్వరరావు. "తప్పకుండా రమ్మనండి. నలుగురికి భోజనాలు ఒక లెక్కా?"

"అబ్బే, వాళ్ళ వంట వాళ్ళు చేసుకుంటారు బాబూ."

ఎవరో మడీ ఆచారం ఉన్నవాళ్ళు కాబోలనుకుని అతను మెట్లెక్కేశాడు.

శుక్రవారం ఉదయం ఏడున్నరకి జోగేశ్వరరావు బజారు వీధిలోని ఆఫీసుకి, అంటే తన పాత సిమెంటు కొట్టుకి, చేరాడు. షట్టరు మీద బోర్డు, బోర్డు మీద పసుపుగుడ్డ ముసుగు. కొత్త చొక్కాల్లో మేస్త్రీలు ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా నిలబడ్డారు. ఓ పాతికమంది వస్తారని కుర్చీలు తెప్పించాడు. ఎనిమిదయ్యేసరికి బజారు వీధి నిండిపోయింది. మండపేట పెదనాన్న గారి వాళ్ళు వచ్చారు. కాకినాడ పిన్ని వాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళందరి చేతుల్లో బట్టల సంచులున్నాయి. ఒకరు ఇత్తడి కుందులు తెచ్చారు, ఒకరు గోడగడియారం, ఇద్దరు వేర్వేరుగా ఒకే రకం మిక్సీ తెచ్చారు.

కన్యక తమ్ముడు గణేష్‌బాబు రావులపాలెంలో అరటిగెలల వ్యాపారి. అతను వ్యానులో గెలలతో సహా రెండు నిండు అరటిచెట్లు తెచ్చాడు. దారిలో కడియంలో ఆగి నాలుగు కొబ్బరిమొక్కలు, ఒక సన్నజాజి తీగ కూడా కొన్నాడు. వ్యాను దిగి, అటూ ఇటూ చూశాడు.

"బావగారూ, గేటు ఎక్కడండీ? చెట్లు కట్టించేస్తాను."

"ఏ గేటు?"

"ఇంటి గేటండి. అందరం ఇక్కడ కలుసుకుని వెళ్దామన్నారేమో అనుకున్నాను. ఇంకా దూరమా?"

జోగేశ్వరరావు అప్పుడు జనాన్ని కొత్తగా చూశాడు. సంచుల్ని చూశాడు. మిక్సీల్ని చూశాడు. కన్యకని ఒక పక్కకి పిలిచి, వీళ్ళందరికీ ఏమని చెప్పావని అడిగాడు.

"పాలు పొంగిస్తున్నాం, ఆఫీసు దగ్గరికి రమ్మన్నానండి. దేనికని ఒక్కళ్ళు కూడా అడగలేదు."

ఆవిడ అబద్ధం చెప్పలేదు. కానీ ఈ ప్రాంతంలో ముహూర్తం పెట్టుకుని ఎవరైనా పాలు పొంగిస్తున్నారంటే ఎందుకని అడిగే మనిషి లేడు. పైగా అది ఇరవై ఆరేళ్ళుగా ఇళ్ళు కడుతున్న మనిషి ఇంటినుంచి వచ్చిన పిలుపు.

ఇప్పుడు చెప్పేద్దామంటే ముహూర్తం ముంచుకొచ్చింది. సిద్ధాంతి గారు మూడు ఇటుకలు పెట్టించి, పొయ్యి ఎక్కడుండాలో గీతగీసి చూపించారు. బోర్డులోని వంటింటికి సరిగ్గా కింద, పేవ్‌మెంటు మీద, మురుక్కాలవకి రెండడుగుల ఇవతల. ఏ గుమ్మమూ లేకపోవడంతో అరటిచెట్లని షట్టరుకి అటొకటి ఇటొకటి కట్టారు. చుట్టాలు ఇది ఆఫీసు పూజ కాబోలు, తర్వాత ఇంటికి తీసుకెళతారు కాబోలు అనుకుని ఓపిగ్గా నిలబడ్డారు. సరిగ్గా ఎనిమిదీ నలభై రెండుకి పాలు తూర్పుకి పొంగాయి. జోగేశ్వరరావు కళ్ళు మూసుకుని తాడు లాగాడు. పసుపుగుడ్డ జారింది.

పది అడుగుల వెడల్పున ఇల్లు బయటపడింది. వసారా, అరుగు, తులసికోట, బండ, మేడమెట్లు, మూలన ఉత్తరానికి బాణం గుర్తు. గణేష్‌బాబు సన్నజాజి తీగ చేత్తో పట్టుకుని బోర్డుని పైనుంచి కింది దాకా చూశాడు.

"బాగుందండి బావగారూ," అన్నాడు. "లోపలికి ఎటునుంచి వెళ్ళాలి?"

నవ్వు పిన్నిగారి దగ్గర మొదలై వీధి చివర మందుల షాపు దాకా పాకింది. జోగేశ్వరరావు నవ్వలేకపోయాడు. నవ్వనివాళ్ళలో కన్యక కూడా ఉంది. ఆవిడ పాలగిన్నె దింపి, అందరికీ చిన్న గ్లాసుల్లో పోస్తోంది. తలెత్తడం లేదు.

ఆ నవ్వుల మధ్యలోనే సీతారామలక్ష్మి గారు ఆటో దిగారు. చెప్పిన వేళకి గంట ముందే రావడం హెడ్‌మిస్ట్రెస్ ఉద్యోగంలో వచ్చిన అలవాటు. ఆవిడ్ని చూడగానే వీధిలో సగంమంది ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని నవ్వు ఆపేశారు. ఆవిడ అరటిచెట్లు చూశారు, మిక్సీలు చూశారు, చొక్కా మీద పేరు చెయ్యడ్డుపెట్టి దాచుకున్న పెద్దమేస్త్రిని చూశారు. ఏం జరుగుతోందో చెప్పడానికి జోగేశ్వరరావు నోరు తెరిచాడు. అప్పుడే హర్షిత ఫోన్ పట్టుకుని పరుగున వచ్చింది. పాపాయి గారు లైన్లో ఉన్నారు. ఆవిడ కంగారులో ఎంత గట్టిగా మాట్లాడారంటే ఫోన్ చెవికి పెట్టుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

"బ్యాంకువాళ్ళ సామాను లారీ వచ్చేసింది బాబూ. మీవి ఇంకా పైనే ఉన్నాయేంటి? మీరే కదా రమ్మనమన్నారు. మాటిచ్చేశాను నేను."

ఇక చెప్పవలసింది ఏమీ మిగల్లేదు. రాబోయే ఇల్లు పోయింది, ఉన్న అద్దె ఇల్లు పోయింది, పరువు పోయింది. ఇదంతా తొమ్మిదిన్నర లోపే. జోగేశ్వరరావు ఒక కుర్చీలో కూర్చున్నాడు. అద్దెకుంటున్నారా మీరు, ఎన్నేళ్ళ నుంచి అని సీతారామలక్ష్మి గారు అడిగారు. ఇరవై రెండేళ్ళండి అన్నాడు. ఆవిడ బోర్డు ముందుకి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని నల్లబల్ల చూసినట్టు చూశారు.

"ఈ వంటింటి కిటికీ వీధి వైపు పెట్టారెందుకు?"

జోగేశ్వరరావుకి ఆ కిటికీ ఉన్న సంగతే తెలియదు. కన్యక గ్లాసు కింద పెట్టి వచ్చింది.

"వీధిలో కూరగాయల బండి వస్తే పొయ్యి దగ్గర్నించే పిలవొచ్చండి. అక్కడ పొయ్యి పక్కన రెండడుగుల గట్టు ఉంటుంది. పిల్ల కూర్చుని కబుర్లు చెబుతుందని. ఆ బండ నా నడుం ఎత్తు. వంగక్కర్లేదు. అరుగు మీద పొద్దున్న ఎండ పడుతుంది, తొమ్మిదింటికి నీడొచ్చేస్తుంది. ఈయన పేపరు చదువుకోవచ్చు."

ఆవిడ గది తర్వాత గది చెప్పుకుంటూ పోయింది. తలుపులు తోసుకుని ముందు నడుస్తున్నట్టు చెప్పింది. జోగేశ్వరరావు వింటూ కూర్చున్నాడు. ఆ గట్టు అతను మండపేటలో ఒకావిడకి కట్టిచ్చినది. ఆ బండ ఆలమూరులో కట్టినది. ఆ అరుగు పదిహేడో ఇంటిది. ఒక్కొక్క గృహప్రవేశంలో కన్యక ఆ ఇల్లంతా తిరిగి చూసి, తిరుగుదారిలో ఇది బాగుందండి అనేది. తను చూద్దాం అనేవాడు. అరవై రెండు ఇళ్ళలోంచి ఆవిడ ఒక్కొక్కటే ఏరి ఎక్కడో దాచుకుంది. దాచుకున్నవన్నీ పెట్టుకోవడానికి ఆవిడకి దొరికిన చోటు ఆ లోగో ఒక్కటే.

సీతారామలక్ష్మి గారు మొత్తం విన్నారు. వెనక్కి తిరిగారు.

"ఈ ఇల్లు ఎక్కడ కట్టారండీ?"

"ఎక్కడా కట్టలేదండి," అన్నాడు జోగేశ్వరరావు.

"మీ ఇల్లు, మీ ఇష్టం అని రాయించుకున్నారు. ఊళ్ళో అందరి ఇష్టమూ అడిగారు. ఈవిడ్ని అడిగారా?"

జోగేశ్వరరావు బడిపిల్లాడిలా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చుట్టాలంతా వింటున్నారు. వాళ్ళలో ఎవరూ ఇప్పుడు నవ్వడం లేదు.

"మిగతా ఇద్దరూ నాకు బొమ్మలు చూపించారు," అన్నారావిడ. "మంచి బొమ్మలే. మా ఇల్లు ఎలా ఉండాలని మాత్రం వాళ్ళిద్దరూ అడగలేదు. మీరు అడుగుతారని విన్నాను. కానీ సొంత ఇంట్లో అడగని మనిషి నా ఇంటికొచ్చి ఎన్నాళ్ళు అడుగుతాడు? ముందు ఇది కట్టండి. దీంట్లో పాలు పొంగిన మర్నాడు నా పునాది తవ్వుదురుగాని. నాకు తొందరేం లేదు, తమ్ముడింట్లో ఉంటున్నాను. వంట వాళ్ళే చేస్తున్నారు."

ఆవిడ ఆటో ఎక్కారు. ఒక్క చదివింపు సంచి కూడా ఎవరూ వెనక్కి తీసుకెళ్ళలేదు. పెట్టినవి పట్టుకెళితే బాగుండదన్నారు. గణేష్‌బాబు ఒక్కడే, మొక్కలు వాడిపోతాయి ఎక్కడ నాటమంటారు అని అడిగాడు. జోగేశ్వరరావు కన్యక వైపు చూశాడు. ఆమె కాలవగట్టు పక్కన స్థలంలో, ఇసుకకుప్పకి తూర్పున నాటమంది. అతను చూద్దాం అనబోయి ఆగి, పెద్దమేస్త్రిని పిలిచి ఇసుక పక్కకి తీయించమన్నాడు.

పాపాయి గారు ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. ఆ సాయంత్రమే జోగేశ్వరరావు సామాను ఆఫీసు వెనక, సిమెంటు బస్తాలుండే రెండు గదుల్లోకి వచ్చింది. సిమెంటు వాసనలో పది నెలలు కాపురం చేశారు. మేస్త్రీలకి పని దొరికింది. ప్లాను గీయించవలసిన అవసరం రాలేదు. బోర్డు దింపించి స్థలంలో చెట్టుకి ఆనించారు. ఏ గోడ దగ్గర అనుమానం వచ్చినా పెద్దమేస్త్రి వెళ్ళి బోర్డు చూసి వచ్చేవాడు. ఆదివారాలు సీతారామలక్ష్మి గారు వచ్చి, పెన్సిలుతో ఒకటి రెండు చోట్ల గోడ మీద సున్నాలు చుట్టి వెళ్ళేవారు. మర్నాడు ఆ చోట్ల ప్లాస్టరింగు ఊడగొట్టి మళ్ళీ చేసేవాళ్ళు. నిరంజన్ ఒకసారి రాజమండ్రి నుంచి వచ్చి, తన లోగోలోని మేడమెట్లు ఎక్కి దిగి, ఎదుగుదల బాగా కుదిరిందన్నాడు.

ఇల్లు పూర్తయ్యేసరికి మూడు మడతల కార్డుల అవసరం తీరిపోయింది. జోగేశ్వరరావు గురించి అడిగినవాళ్ళకి జనం ఇల్లే చూపిస్తున్నారు. వంటింటి కిటికీ దగ్గర ఆగితే కన్యక మిగతాది చెబుతోంది. సిద్ధాంతి గారు గృహప్రవేశానికి ముహూర్తం పెట్టారు. ఈసారి దిక్సూచి తేలేదు. సీతారామలక్ష్మి గారి పునాదికి మర్నాటి ముహూర్తం కూడా అదే కాయితం మీద రాసిచ్చారు.

శుభలేఖలు అచ్చుకి వెళ్ళే ముందు జోగేశ్వరరావు చదివి చూసుకున్నాడు. దేవుడి పేర్లు, పెద్దల పేర్లు, వేళ, చిరునామా అన్నీ సరిగానే ఉన్నాయి. అడుగున మాత్రం, గణేష్‌బాబు లాంటివాళ్ళ కోసమని, కన్యక పట్టుబట్టి ఒక్క ముక్క అదనంగా వేయించింది: 'ఈసారి ఇల్లు ఉంది.'